గర్భస్థ శిశువు మెదడు లోపాలు: సకాలంలో తెలుసుకునే హక్కు

(బాచుపల్లిలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే మన సభల్లో రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, ఓటరు జాబితాలు చర్చకు వస్తాయి. గర్భవతికి చేసే స్కానింగ్ గురించి ప్రస్తావన రాదు. అది ఆడవాళ్ల విషయమనో, డాక్టర్లు చూసుకుంటారనో పక్కన పెడుతుంటాం. అయితే కడుపులోని బిడ్డ మెదడులో లోపం ఉందని తెలిసిన రోజున ఒక కుటుంబం ముందు నిలిచే ప్రశ్నల్లో వైద్యం ఉంది, చట్టం ఉంది, ధర్మం ఉంది, డబ్బు ఉంది. వీటన్నిటికీ సమాధానం వెతుక్కోవడానికి ఆ కుటుంబానికి మిగిలేది కొద్ది వారాలే. ఆ వారాలు ఎలా చేజారిపోతున్నాయో, వాటిని ఎలా కాపాడుకోవాలో చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాం.

బాచుపల్లి కొన్నేళ్ల కిందటి దాకా పల్లెటూరు. ఇప్పుడు ఇక్కడ మందుల కర్మాగారాలు, ఇంజనీరింగ్ కళాశాలలు, అంతస్తుల మీద అంతస్తులుగా అపార్టుమెంట్లు ఉన్నాయి. హైటెక్ సిటీలో పనిచేసే ఉద్యోగి ఇక్కడే ఉంటాడు. అతన్ని ఆఫీసుకు చేర్చే క్యాబ్ డ్రైవరు, అతని ఇంటికి టైల్స్ పరిచిన మేస్త్రీ కూడా ఇక్కడే అద్దె గదుల్లో ఉంటారు. ఉద్యోగి ఇంట్లో గర్భవతికి కంపెనీ బీమా ఉంటుంది, ఇంగ్లీషు రిపోర్టు చదివి చెప్పేవారుంటారు. డ్రైవరు ఇంట్లో ఆ రెండూ ఉండవు. స్కానింగ్ యంత్రం మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే. యంత్రం చూపిన విషయం ఎవరికి ఎప్పుడు అర్థమవుతుందన్న దగ్గరే తేడా మొదలవుతుంది.

స్కానింగ్ ఏమి చూపుతుంది?

ముందుగా ఒక భయం పోవాలి. అల్ట్రాసౌండ్ ఎక్స్‌రే కాదు. అందులో రేడియేషన్ లేదు. మన చెవికి వినిపించనంత సూక్ష్మమైన శబ్ద తరంగాలను పంపి, అవి తిరిగివచ్చిన తీరును బట్టి చిత్రాన్ని రూపొందిస్తారు. గ్లాస్గో నగరానికి చెందిన వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ఈ పద్ధతిని ప్రసూతి వైద్యానికి పరిచయం చేశారు. 1972లో స్టూవర్ట్ క్యాంప్‌బెల్ బృందం 17 వారాల గర్భంలోని శిశువుకు పుర్రె పైభాగం ఏర్పడలేదని స్కానింగ్ ద్వారా గుర్తించింది. పుట్టేదాకా తెలియని లోపం అలా గర్భంలోనే తెలిసివచ్చింది.

ఐదో నెలలో చేసే స్కానింగును మన దగ్గర టిఫా స్కాన్ అంటున్నారు. అందులో శిశువు తలను ప్రధానంగా మూడు స్థాయిల్లో అడ్డంగా చూస్తారు. మెదడులో నీరుండే గదులను, అంటే వెంట్రికల్స్‌ను కొలుస్తారు. ఆ గది వెడల్పు 10 మిల్లీమీటర్లకు లోపు ఉండాలి. కుడి ఎడమ మెదళ్ల మధ్య ఉండవలసిన భాగాలు ఉన్నాయో లేదో చూస్తారు. వెనుకవైపు చిన్నమెదడు ఆకారాన్ని, దాని వెనుక నీరుండే ఖాళీని పరిశీలిస్తారు. వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డకు తల నిమ్మకాయ ఆకారంలో, చిన్నమెదడు అరటిపండులా వంగి కనిపిస్తాయని 1986లో లండన్ వైద్యులు గమనించారు. వెన్ను లోపానికి ఆనవాలు తలలో దొరకడం అప్పటినుంచి ఎందరో శిశువుల విషయంలో ఉపయోగపడుతోంది.

స్కానింగుకు పరిమితులు కూడా ఉన్నాయి. మెదడు మీది మడతలు ఐదో నెలలో ఇంకా ఏర్పడవు. కాబట్టి మడతలు లేని మెదడు, అంటే లిసెన్‌సెఫలీ, అప్పుడు బయటపడదు. శిశువు తల పడుకున్న తీరు, తల్లి శరీరం, యంత్రం నాణ్యత, చూసే వైద్యుని అనుభవం అన్నీ ఫలితంపై ప్రభావం చూపుతాయి. స్కానింగ్ మామూలుగా ఉందంటే ఏ లోపమూ లేదన్న హామీ కాదు. ఈ సంగతి వైద్యులు ముందే చెప్పాలి, మనమూ గుర్తుంచుకోవాలి.

పేరు వినగానే తీర్పు చెప్పుకోవద్దు

రిపోర్టులో ఒక కొత్త పేరు కనిపించగానే ఇంట్లో విషాదం అలుముకుంటుంది. బంధువుల్లో ఒకరు తీసేయించమంటారు, మరొకరు డాక్టర్లు అబద్ధాలు చెబుతారంటారు. రెండూ తొందరపాటు మాటలే. మెదడు లోపాలన్నీ ఒకటి కావు.

పుర్రె పైభాగం, దాని కింది మెదడు ఏర్పడని అనెన్‌సెఫలీ విషయంలో సందేహానికి తావు లేదు. ఆ బిడ్డ బతకదు. మెదడు ముందుభాగం రెండుగా విడిపోని హోలోప్రోసెన్‌సెఫలీ సుమారు 10 వేల జననాల్లో ఒకటిగా కనిపించే అరుదైన లోపం. దాని తీవ్రమైన రూపాల్లో బిడ్డ బతికే అవకాశం బహు తక్కువ.

ఇక వెంట్రికల్ వెడల్పు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉందని రాస్తే, దాన్ని స్వల్ప వెంట్రిక్యులోమెగలీ అంటారు. మరే లోపమూ లేదని, ఇన్ఫెక్షన్, క్రోమోజోమ్ పరీక్షలు కూడా బాగున్నాయని తేలితే, అలాంటి పిల్లల్లో నూటికి 90 మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు. అదే వెడల్పు 15 మిల్లీమీటర్లు దాటితే పరిస్థితి వేరు. రెండు మెదళ్లను కలిపే కార్పస్ కెలోసమ్ అనే వంతెన లేకపోయినా, అదొక్కటే లోపమైతే, సుమారు 70 శాతం పిల్లల ఎదుగుదల సాధారణంగా ఉన్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. దానికి మరో లోపం తోడైతే ఆ అంకె వర్తించదు. డాండీ-వాకర్ అన్న పేరు కూడా అంతే. చిన్నమెదడు వెనుక నీటి ఖాళీ కాస్త పెద్దగా ఉండటం వేరు, చిన్నమెదడు మధ్యభాగమే సరిగా ఏర్పడకపోవడం వేరు. మొదటిది చాలామందిలో ఏ ఇబ్బందీ కలిగించదు.

అందువల్ల మొదటి రిపోర్టు చివరి మాట కాదు. ఫీటల్ మెడిసిన్ నిపుణుని చేత శిశువు మెదడును మరోసారి వివరంగా చూపించాలి. తల కిందికి ఉన్నప్పుడు యోని మార్గంలో చేసే స్కానింగులో మెదడు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అవసరమైతే ఉమ్మనీటి పరీక్ష, 20 వారాలు దాటాక ఎం.ఆర్.ఐ. చేస్తారు. నిపుణుని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఒక్కటే లోపమా, మరేదైనా ఉందా? కారణం తెలిసే అవకాశం ఉందా? ఇలాంటి పిల్లలు పుట్టాక ఎలా ఉంటారు? జవాబులు మీ భాషలో, తెలుగులో గానీ ఉర్దూలో గానీ చెప్పించుకోండి. అర్థం కాని కాగితం మీద సంతకం చేయవద్దు.

రెండు గడియారాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన కుటుంబాల విషయంలో రెండు గడియారాలు ఒకేసారి నడుస్తాయి. ఒకటి చట్టానిది, రెండోది షరీఅత్‌ది.

1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. శిశువుకు తీవ్రమైన లోపం ఉన్నప్పుడు 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. 24 వారాలు దాటితే, శిశువులో గణనీయమైన లోపం ఉందని ప్రభుత్వ మెడికల్ బోర్డు నిర్ధారించాలి. దరఖాస్తు అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే 5 రోజుల్లోపు ప్రక్రియ పూర్తికావాలి. వయోజనురాలైన స్త్రీ సమ్మతి ఒక్కటే చట్టానికి అవసరం. ఆమె పేరు, వివరాలు రహస్యంగా ఉంచాలి.

ఈ హక్కు తేలికగా రాలేదు. 2017 జనవరిలో ముంబయికి చెందిన ఒక మహిళ 24 వారాల గర్భంతో సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఆమె బిడ్డకు పుర్రె ఏర్పడలేదు. న్యాయస్థానం అనుమతించింది. 2022 డిసెంబరులో 33 వారాల గర్భిణి ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. శిశువు మెదడులో లోపం ఉన్నా మెడికల్ బోర్డు ఒప్పుకోలేదు. తల్లి నిర్ణయానికి విలువ ఇవ్వాలంటూ హైకోర్టు అనుమతించింది. కోర్టు దాకా వెళ్లగలిగిన వారి మాటలే మనకు తెలిశాయి. వెళ్లలేని వారు ఎందరో.

రెండో గడియారం చూద్దాం. నాలుగు నెలలకు, అంటే 120 రోజులకు, గర్భస్థ శిశువులో ఆత్మ ప్రవేశిస్తుందన్న హదీసు ఆధారంగా ధర్మవేత్తలు ఆ గడువును కీలకంగా పరిగణిస్తారు. ముస్లిం వరల్డ్ లీగ్‌కు చెందిన మక్కా ఫిఖహ్ అకాడమీ 1990లో ఈ విషయాన్ని చర్చించింది. నమ్మదగిన వైద్యుల బృందం పరీక్షలు జరిపి, శిశువుకు చికిత్సకు లొంగని తీవ్రమైన లోపం ఉందని నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరినప్పుడు 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఉందని, ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప అనుమతి లేదని తీర్మానించింది. ఇరాన్ 2005లో చేసిన చట్టం కూడా తీవ్రమైన లోపాల విషయంలో ముగ్గురు వైద్యుల నిర్ధారణతో నాలుగు నెలల లోపు అనుమతించింది. మజ్హబుల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. మీరు విశ్వసించే ముఫ్తీని సంప్రదించండి.

మేము చెప్పదలచినది లెక్క గురించి. వైద్యులు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాత. కాబట్టి గర్భం నిలిచిన 120 రోజులు వైద్యుల లెక్కలో 19 వారాల ఒక రోజుతో సమానం. టిఫా స్కానింగ్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. తీరిక చూసుకుని 21వ వారంలో వెళ్లిన కుటుంబానికి చట్టం గడియారంలో ఇంకా సమయం ఉంటుంది, రెండో గడియారంలో ఉండదు. ధర్మం పాటించాలనుకునే కుటుంబానికి ఆ రెండు వారాల ఆలస్యం ఎంత పెద్దదో డాక్టరుకు తెలియకపోవచ్చు. మనకు తెలియాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అద్దె గదిలో ఉంటూ కుట్టుపని చేసుకునే ఒక సోదరి 20వ వారంలో స్కానింగ్ చేయించుకుంది. రిపోర్టులో ఇంగ్లీషులో ఒక వాక్యం. చదివి చెప్పేవారు లేక కాగితం బీరువాలోకి వెళ్లింది. మరుసటి నెల చెకప్‌లో డాక్టరు దాన్ని చూసి నిపుణుని దగ్గరికి పంపింది. చిట్టీ డబ్బు చేతికి వచ్చేసరికి మరో వారం. ఎం.ఆర్.ఐ. తేదీకి ఇంకో వారం. 24 వారాలు దాటిపోయాయి. ఇందులో ఎవరూ చెడ్డవారు కారు. అయినా ఆ తల్లి నిర్ణయం తీసుకునే అవకాశం ఆమెకు తెలియకుండానే కాలంలో కలిసిపోయింది.

దీనికి మందు తొందరగా మొదలుపెట్టడమే. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య చేసే స్కానింగును వదులుకోవద్దు. అనెన్‌సెఫలీ, తీవ్రమైన హోలోప్రోసెన్‌సెఫలీ వంటివి చాలావరకు అప్పుడే కనిపిస్తాయి. టిఫా స్కానింగ్ 18 వారాలు నిండగానే చేయించమని అడగండి. కార్పస్ కెలోసమ్ వంటి భాగాలు అప్పటికి పూర్తిగా తేటపడకపోతే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూస్తారు. రిపోర్టు అందిన రోజే ఎవరిచేతనైనా చదివించుకోండి.

తెలుసుకోవడమంటే తొలగించుకోవడం కాదు

బిడ్డ ఎలా ఉన్నా అల్లాహ్ ఇచ్చిన అమానత్, మేము కనే తీరతాం అనే కుటుంబాలున్నాయి. అలాంటి వారికి స్కానింగ్ ఎందుకు అని కొందరు అడుగుతారు. వారికే మరింత అవసరం. తల పెద్దదవుతున్న బిడ్డను ఏ ఆసుపత్రిలో కనాలి, పుట్టగానే నరాల శస్త్రచికిత్స నిపుణులు అందుబాటులో ఉంటారా, నీటిని మళ్లించే షంట్ వేయాలా అన్నది ముందే తెలిస్తే ప్రాణం నిలుస్తుంది. బతకదని తెలిసిన బిడ్డ విషయంలో కూడా తల్లి మనసు సిద్ధమవుతుంది. పేరు పెట్టడం, స్నానం చేయించడం, ఖననం గురించి ముఫ్తీనీ ఆసుపత్రినీ ముందే అడిగి పెట్టుకోవచ్చు. బిడ్డను నిలుపుకోవాలన్న తల్లిని చదువు లేదని ఎగతాళి చేసే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. వద్దనుకున్న తల్లిని పాపాత్మురాలని ముద్రవేసే హక్కు బంధువులకూ లేదు.

పుట్టిన బిడ్డకు హక్కులున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రంతో పింఛను వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచింది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉంది. వేరే రాష్ట్రాల నుంచి అక్కడికి వస్తుంటారు. బాచుపల్లి నుంచి ఎందరం వెళ్లాం?

ముందుజాగ్రత్త

నాడీ నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని దాదాపు పూర్తయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భానికి ముందునుంచే వేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ఇంతకుముందు బిడ్డకు ఇలాంటి లోపం వచ్చి ఉంటే డాక్టరు ఎక్కువ మోతాదు ఇస్తారు. అలాంటి తల్లుల్లో ఆ మోతాదు 72 శాతం పునరావృతాన్ని ఆపినట్లు 1991లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం నిరూపించింది. మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడేవారు గర్భానికి ముందే డాక్టరును కలవాలి. మాత్రలను సొంతంగా మాత్రం ఆపవద్దు.

దగ్గరి సంబంధాల గురించి కూడా చెప్పాలి. ఈ విషయంలో ముస్లింలనే వేలెత్తి చూపడం న్యాయం కాదు. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు తెలుగు నేలమీద ఇతర మతస్థుల్లోనూ తరతరాలుగా ఉన్నాయి. అయినా నిజాన్ని దాచుకోకూడదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ మూలాల కుటుంబాలపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. పుట్టుకతో లోపాలుండే అవకాశం సుమారు 3 శాతం ఉండగా, తోబుట్టువుల పిల్లల మధ్య జరిగిన పెళ్లిళ్లలో అది 6 శాతమని తేలింది. అంటే రెట్టింపు. అలాగే నూటికి 94 మంది పిల్లలు బాగానే పుడుతున్నారని కూడా అర్థం. కాబట్టి అలా పెళ్లి చేసుకున్నవారు సిగ్గుపడవలసిన పని లేదు, జాగ్రత్తపడితే చాలు. ఒక బిడ్డకు అరుదైన మెదడు లోపం వచ్చి ఉంటే, కారణం జన్యువుల్లో ఉందేమో తేల్చుకోకుండా మరో గర్భానికి సిద్ధపడవద్దు. కొన్ని లోపాలు ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు తిరిగి వస్తాయి. నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. బిడ్డ దక్కకపోయినా దాని డి.ఎన్.ఏ. నమూనా భద్రపరచమని అడిగితే తర్వాతి బిడ్డ విషయంలో దారి దొరుకుతుంది.

మరో అపోహ ఉంది. స్కానింగ్ చట్టవిరుద్ధమని కొందరు భయపడతారు. 1994 నాటి చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను. పుట్టుకతో వచ్చే లోపాలను తెలుసుకోవడానికి అదే చట్టం అనుమతిస్తుంది. ఆడో మగో అడగవద్దు, చెబుతామనే వారిని నమ్మవద్దు. మెదడు, గుండె, వెన్నెముక గురించి మాత్రం ధైర్యంగా అడగండి.

ఏం చేద్దాం?

1949లో నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే రఫతున్నిసా ప్రసవ సమయంలో వైద్యం అందక మరణించింది. ఆ బాధలోంచి పుట్టినదే 1953 నాటి నిలోఫర్ ఆసుపత్రి. ఒక పనిమనిషి మరణాన్ని తలరాత అని వదిలేయకుండా వ్యవస్థ లోపంగా చూసిన చరిత్ర ఈ నగరానికి ఉంది. ఆ చూపు మనకూ కావాలి.

2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చింది. యంత్రం ఒక్కటే చాలదు. దాన్ని నడిపే నిపుణులు ప్రతిరోజూ ఉండాలి. 18వ వారంలో అడిగిన గర్భిణికి 22వ వారం తేదీ ఇవ్వకూడదు. లోపం కనిపిస్తే రిపోర్టు చేతిలో పెట్టి పంపకుండా అదే రోజు నిపుణుని వద్దకు పంపాలి, తెలుగులోనో ఉర్దూలోనో వివరించాలి. మెడికల్ బోర్డుకు ఎక్కడ, ఎలా దరఖాస్తు చేయాలో ప్రతి ప్రసూతి ఆసుపత్రి గోడమీద రాసి పెట్టాలి. ఈ కోర్కెలతో ఆరోగ్యశాఖకు వినతిపత్రం ఇద్దాం.

మన చేతిలోని పనులు కూడా ఉన్నాయి. ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం తమ వాడలో ఇంగ్లీషు రిపోర్టు చదవగల ఇద్దరు చదువుకున్న అమ్మాయిలను గుర్తించాలి. అర్థం చెప్పడం డాక్టరు పని. ఈ రిపోర్టుతో ఇవాళే డాక్టరును కలవాలని చెప్పడం ఆ అమ్మాయిల పని. స్కానింగు ఖర్చుకు, ఆటో ఛార్జీకి జకాత్, సదకా నిధుల నుంచి అర్హులకు సాయం అందించే ఏర్పాటు చేయాలి. నికాహ్‌కు ముందు వధూవరులకు ఫోలిక్ యాసిడ్ గురించి ఒక్క మాట చెప్పాలి.

ఈ సమావేశంలో ఉన్న ప్రతి కుటుంబంలో, ఇరుగుపొరుగులో ఈ నెల ఎవరు గర్భవతిగా ఉన్నారో మీకు తెలుసు. ఇంటికి వెళ్లాక ఆమె కార్డు తీసి, ఎన్నో వారమో లెక్కపెట్టండి. 18 నిండబోతుంటే రేపే స్కానింగుకు తేదీ తీసుకోండి.

అల్లాహ్ మన తల్లులను, బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.